గ్యారేజీలో మస్టాంగ్, ఇంట్లో మాటల్లేవు

పేరు వేయొద్దంటూ టెక్సస్‌లోని ప్లేనో నుంచి ఒక పాఠకుడు పెద్ద ఉత్తరమే రాశారు. కుదించి చెబుతాను. ఆయన సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, హెచ్‌1బీ మీద ఉన్నారు, గ్రీన్‌కార్డు ఇంకా క్యూలోనే ఉంది. భార్య తమ్ముడు కూడా అదే ఊళ్లో ఉంటాడు, అతనికి గ్రీన్‌కార్డు వచ్చేసింది. రెండేళ్ల కిందట బావ, బావమరిది కలిసి ఓక్లహోమాలో ఒక రైతు షెడ్డులో పడి ఉన్న 1967 ఫోర్డ్ మస్టాంగ్ కూపేని 9,500 డాలర్లకు కొన్నారు. దాన్ని బాగుచేసి అమ్మాలి, ఆ డబ్బుతో ఇంకో రెండు కొనాలి. అదీ ప్లాను. ‘ముందుముందు వ్యాపారం చేసినా నాకైతే వీసా గొడవ లేదు కదా బావా’ అని బావమరిది అనడంతో టైటిల్ (బండి యాజమాన్య పత్రం) అతని పేరు మీదే పెట్టారు.

ఆ తర్వాత ఇంజన్ రీబిల్డ్‌కు 4,200, విడిభాగాలకు 3,800, బాడీకి పట్టిన తుప్పు తీయించి కొత్త నేల రేకులు వేయించడానికి 3,000 అయ్యాయి. కొన్న ధరతో కలిపి 20,500 డాలర్లు. అందులో ఈయనవి 14,000, బావమరిదివి 6,500. ఒళ్లు వంచి పని చేసింది మాత్రం ఎక్కువగా బావమరిదే. ప్రస్తుతం ఈయన గ్యారేజీలో ప్రైమర్ కొట్టిన బాడీ ఒకటి, స్టాండుకు బిగించిన ఇంజన్ ఒకటి, మిగతాదంతా అట్టపెట్టెల్లో ఉంది. బాడీ పని, పెయింటు కలిపి 18,000 అవుతుందని ఒక షాపువాళ్లు చెప్పారు. సీట్లు, వైరింగు, అద్దాలు, క్రోమ్ సామానుకు ఇంకో 9,500. ఇలాంటి కూపేలు పూర్తయ్యాక 25,000 అటూ ఇటూగా పోతున్నాయి. ఈలోగా ఫోర్ట్‌వర్త్ నుంచి ఒకాయన వచ్చి చూసి, ఉన్నదున్నట్టు మొత్తం 7,500కి తీసుకుంటానన్నాడు.

గ్యారేజీ నిండిపోవడంతో బయట పెట్టిన భార్య కారు వసంతంలో వడగళ్ల వానకు సొట్టలు పడింది. ఉగాది భోజనాల దగ్గర మాటా మాటా పెరిగింది. ‘రెండేళ్ల శనివారాలు దీనికే పోశాను, సగం నాది’ అని బావమరిది అంటే, ‘నీ పనికి జీతం కూడా ఇవ్వాలా’ అని ఈయన నోరు జారారు. అప్పట్నుంచి అతను ఆ ఇంటి గడప తొక్కలేదు. ‘వాడు నాకు తమ్ముడు, మీరు మొగుడు, ఈ ఇనుము నాకేమవుతుంది?’ అని భార్య ఒక్కమాట అని ఊరుకున్నారట. పూర్తి చేసి అమ్మితే పెట్టింది తిరిగొస్తుందా, 7,500కి ఇచ్చేస్తే 13,000 గంగలో పోసినట్టే కదా, హైదరాబాద్ పంపిస్తే మంచి ధర పలుకుతుందా, అసలు బావమరిది సంతకం పెట్టకపోతే ఏం చేయాలి? ఇవీ ఆయన ప్రశ్నలు.

మీ ఉత్తరంలో నన్ను ముందు ఆపింది డబ్బు లెక్క కాదు, రెండో పేజీలో మీరు యథాలాపంగా రాసిన రెండు విషయాలు. బండి చాసిస్ నంబరు 7, ఆర్, 0, 1, టి అని మొదలవుతుందనీ, చక్రాలకు నాలుగేసి బోల్టులే ఉన్నాయనీ రాశారు. ఆ కాలం ఫోర్డ్ బళ్ల నంబరు చదవడం చాలా తేలిక. 7 అంటే 1967 మోడల్. ఆర్ అంటే కాలిఫోర్నియాలోని శాన్ హోసే ప్లాంటు. 01 అంటే కూపే. ఐదో అక్షరమే మీకు ముఖ్యం. టి అంటే 200 క్యూబిక్ అంగుళాల ఆరు సిలిండర్ల ఇంజన్, 120 హార్స్‌పవర్‌ది. మీరు డబ్బు పోసి రీబిల్డ్ చేయించింది 289 వీ8, అంటే 289 క్యూబిక్ అంగుళాల ఎనిమిది సిలిండర్ల ఇంజన్. ఈ బండి 289 వీ8తోనే పుట్టి ఉంటే అక్కడ సి గానీ, ఎ గానీ, అరుదుగా కె గానీ ఉండాలి. అంటే మధ్యలో ఎవరో పాత ఇంజన్ తీసి వీ8 బిగించారు. నాలుగు బోల్టుల చక్రాలు కూడా అదే చెబుతున్నాయి. ఫ్యాక్టరీలో వీ8 బళ్లకు ఐదు బోల్టులు, కాస్త పెద్ద బ్రేకులు, బలమైన వెనక యాక్సిల్ వేసేవారు. ఆరు సిలిండర్ల బండికి అన్నీ చిన్నవే.

దీనివల్ల రెండు చిక్కులున్నాయి. వీ8 శక్తికి తగ్గట్టు చక్రాలు, బ్రేకులు, యాక్సిల్ మార్చాలంటే ఇంకో ఖర్చు పడుతుంది, అది మీకు చెప్పిన 27,500లో ఉన్నట్టు లేదు. రెండోది, మీరు పోల్చుకుంటున్న 25,000 బళ్లలో ఎన్ని పుట్టుకతో వీ8లో చూసుకోండి. తెలిసిన కొనుగోలుదారు మొదట చూసేది ఆ ఐదో అక్షరమే. ఇంజన్ మారిన బండి ఎందుకూ పనికిరాదని కాదు, నడుపుకునేవాళ్లకు వీ8 అంటేనే ఇష్టం. కానీ ‘ఒరిజినల్ వీ8’ ధర మాత్రం రాదు.

ఇంకో సంగతి కూడా మనసులో పెట్టుకోండి. 1967లో ఫోర్డ్ తయారుచేసిన మస్టాంగ్‌లు 4,72,121. అందులో 3,56,271 మీలాంటి కూపేలే. సినిమాల్లో రోడ్డు చీల్చుకుంటూ పోయే వాలు వీపు బండి ఫాస్ట్‌బ్యాక్, అవి ఆ ఏడాది 71,042 మాత్రమే వచ్చాయి. పాత మస్టాంగ్ లక్షలు పలికిందని వార్త వస్తే నూటికి తొంభైసార్లు అది ఫాస్ట్‌బ్యాకో, కన్వర్టిబులో, షెల్బీ (మస్టాంగ్‌లను రేసు బళ్లలా తీర్చిదిద్దిన అమెరికన్) చెయ్యి పడిందో అయి ఉంటుంది. మీ కూపేకి ప్రతి రేకూ, ప్రతి రబ్బరూ కొత్తగా దొరుకుతుంది. బాగుచేయడానికి అది వరమే, కానీ దొరకడం అంత తేలికైనప్పుడు అరుదైన వస్తువు ధర ఎవరిస్తారు?

ఇక లెక్కకు వద్దాం. మీరు 20,500 దగ్గర మొదలుపెట్టి కిందికి లెక్కేస్తున్నారు. నేనైతే ఈ రోజు నుంచి పైకి లెక్కేస్తాను. మీ గ్యారేజీలో ఇప్పుడున్నది 7,500 డాలర్ల వస్తువు, ఎందుకంటే చేతిలో డబ్బుతో వచ్చి చూసినవాడు అన్న మాట అది. దాన్ని 25,000 చేయాలంటే కనీసం 27,500 పెట్టాలి. అంటే ఇంకో 27,500 పోసి విలువను 17,500 పెంచుతారు. కొత్తగా ఇంకో 10,000 నష్టం. అదీ అంతా అనుకున్నట్టు జరిగితే. పాత బండి బాడీ పని అనుకున్న అంచనాలో ముగియడం నేనెరిగినంతలో తక్కువ. రేకు విప్పేదాకా తుప్పు లోతు ఎవరికీ తెలియదు.

తుప్పంటే గుర్తొచ్చింది. నేల రేకులను తుప్పు ఎందుకు తినేసిందో ఎవరైనా చూశారా? ఈ తరం మస్టాంగ్‌లకు పేరుమోసిన జబ్బొకటుంది. ముందు అద్దం కింద, వైపర్ల దగ్గర గాలి లోపలికి పోయే సందులుంటాయి. దాని కింద ఉండే పెట్టెలాంటి భాగాన్ని కౌల్ అంటారు. అందులో ఆకులు, దుమ్ము చేరి, నీళ్లు నిలిచి, రేకు లోపలి నుంచి తుప్పు పడుతుంది. పైకి ఏమీ కనపడదు, వాన పడినప్పుడల్లా నీళ్లు డ్యాష్‌బోర్డు వెనక నుంచి కార్పెట్ మీదికి కారుతుంటాయి. నేల పోయేది అలాగే. మీ డ్యాష్‌బోర్డు ఎలాగూ పెట్టెల్లోనే ఉంది కాబట్టి చూడటం తేలిక. ఒక చెంబుడు నీళ్లు ఆ సందుల్లో పోసి, లోపల టార్చి వేసి చూడండి. చుక్కలు పడితే మీరు వేయించిన కొత్త నేల మళ్లీ తుప్పు పట్టడం మొదలైనట్టే. కౌల్ బాగుచేయాలంటే స్పాట్ వెల్డులు ఒక్కొక్కటే డ్రిల్లు చేసి పై రేకు లేపాలి. రేకు ధర పెద్దది కాదు, పని గంటలే చంపుతాయి. కారితే ఆ సంగతి కొనేవాడికి చెప్పాలి. కారకపోతే ఆ పరీక్షను వీడియో తీసి పెట్టుకోండి, బేరంలో మీకే పనికొస్తుంది.

ఇప్పుడు దారులు చూద్దాం. పూర్తిగా చేయించడం మొదటిది. నెలకింత అని పక్కన పెట్టి, ఇరవై ఏళ్లు ఉంచుకుని, పిల్లల్ని ఎక్కించుకుని తిరగాలని మీకుంటే చేయించండి. సరదాకు పెట్టిన డబ్బుకు లాభం లెక్కలుండవు. అమ్మడానికైతే మాత్రం వద్దనే అంటాను. పైగా సొంతానికి వాడుకునే కారు అమ్మితే వచ్చిన లాభానికి పన్ను ఉంటుంది, నష్టం మాత్రం ఐఆర్‌ఎస్ (అమెరికా పన్నుల శాఖ) లెక్కలో చూపించుకోనివ్వరు.

రెండోది, పెయింటు జోలికి పోకుండా కనీసం నడిచేలా చేసి అమ్మడం. బ్రేకులు, పెట్రోలు ట్యాంకు, లైన్లు, వైరింగు వేసి ఇంజన్ ఎక్కించి స్టార్ట్ చేయాలి. పని మీ బావమరిదే చేస్తే ఐదారు వేలలో అవ్వొచ్చు. సొంత కాళ్ల మీద ట్రైలర్ ఎక్కే బండికి, పెట్టెల్లో ఉన్న బండికి ధరలో చాలా తేడా ఉంటుంది, ఎందుకంటే విప్పింది ఒకరు బిగించేది మరొకరు అనగానే కొనేవాళ్లకు టెన్షన్. అయినా నా అంచనాలో మీరు కొత్తగా పెట్టింది మీకు తిరిగొస్తుందంతే, పైన మిగిలేది స్వల్పం. బదులుగా ఇంకో ఆరేడు నెలలు ఆవిడ కారు బయటే ఉంటుంది. మళ్లీ వడగళ్ల కాలం వచ్చేస్తుంది.

మూడోది ముక్కలుగా అమ్మడం. రీబిల్డ్ చేసిన 289కి గిరాకీ ఉంది, ఆరు సిలిండర్ల బండి ఉన్న ఎవరో ఒకరు దానికోసం వెతుకుతూనే ఉంటారు. అంతా కలిపితే 7,500 కంటే ఎక్కువే రావచ్చు. కానీ ఏడాదిపాటు సాయంత్రాలు ఫోన్లకు జవాబులివ్వాలి, ప్యాకింగులు చేయాలి, బేరాలాడాలి. చివరికి ఎవరికీ అక్కర్లేని బాడీ మీ దగ్గరే మిగులుతుంది. పైగా మీ వీసాకు ఇది అసలు మంచిది కాదు, ఆ సంగతి కింద చెబుతాను.

నాలుగోది, ఉన్నదున్నట్టు అమ్మేయడం. ఫోర్ట్‌వర్త్ ఆయన మాటే ఆఖరు కానక్కర్లేదు. బాడీని ఎండలోకి తెచ్చి ఫోటోలు తీయండి, అడుగు భాగం కూడా. ప్రతి పెట్టె మీద లోపల ఏముందో రాయండి. రీబిల్డ్ రసీదులు పక్కన పెట్టండి. ‘ఆరు సిలిండర్ల బండి, 289 వీ8 వేశారు, నాలుగు బోల్టుల చక్రాలు’ అని ప్రకటనలో మీరే రాసేయండి. దాచితే వచ్చినవాడు నంబరు చూసి రెండు వేలు తగ్గిస్తాడు, ముందే చెబితే అది తెలిసినవాడే వస్తాడు. ధర కోసం అడుగుతున్న రేట్లు కాకుండా అమ్ముడైన రేట్లు చూడండి. బ్రింగ్ ఎ ట్రైలర్ అనే ఆన్‌లైన్ వేలంలో ముగిసిన ధరలు ఎవరైనా చూడొచ్చు, పాత కార్ల ధరలు చెప్పే హ్యాగర్టీ గైడులో కండిషన్‌ను బట్టి నాలుగు మెట్లుగా విలువలుంటాయి. మీది ఆ నాలుగో మెట్టుకు కూడా కిందే. నెల రోజులు గడువు పెట్టుకుని 9,000 అడిగి చూడటంలో తప్పు లేదు, అంతకు మించి ఆశపడొద్దు.

హైదరాబాద్ ఆలోచన మానుకోండి. 2021లో తెచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటిన బండిని వింటేజ్‌గా రిజిస్టర్ చేసి, నంబరులో ‘వీఏ’ అక్షరాలు ఇస్తారు. కానీ చాసిస్, బాడీ, ఇంజన్ పెద్దగా మార్చకుండా అసలు రూపంలో ఉండాలి. ఇంజనే మారిన బండితో అక్కడే మీ కథ ఆగిపోతుంది. కస్టమ్స్ సుంకం, ఓడ ఖర్చు, ఎడమ చేతి స్టీరింగు అన్నీ దాని తర్వాతి మాటలు. పోనీ దాటించినా రోజూ నడపనివ్వరు.

ఇక వీసా. మీ సొంత కారొకటి అమ్ముకుంటే ఎవరూ ఏమీ అనరు. కానీ లాభం కోసం బళ్లు కొనడం, బాగుచేయడం, అమ్మడం పదేపదే జరిగితే అది పని కిందికి వస్తుంది. హెచ్‌1బీ మీద ఉన్నవాళ్లు తమ వీసా పెట్టిన కంపెనీకి తప్ప బయట పని చేయకూడదు. టైటిల్ ఇంకొకరి పేరు మీద ఉన్నంత మాత్రాన మీ చేతులు, మీ బ్యాంకు ఖాతా మాయం కావు. మీ బావమరిదికి వీసా అడ్డు లేకపోయినా టెక్సస్‌లో ఏడాదికి ఐదు లేదా అంతకు మించి బళ్లు అమ్మేవాళ్లు డీలరు లైసెన్సు తీసుకోవాలి. ఇంకో రెండు కొనాలనే మాట మళ్లీ మీ మధ్యకు వచ్చే ముందు ఇమిగ్రేషన్ లాయరుకు ఒక గంట ఫీజు కట్టండి. గ్రీన్‌కార్డు క్యూలో ఇన్నేళ్లు నిలబడి, దాన్ని ఒక కూపే కోసం రిస్కులో పెట్టడం నాకైతే మింగుడుపడలేదు.

టైటిల్ సంగతి చేదుగానే ఉంటుంది, వినండి. కాగితం మీద ఆ బండి మీ బావమరిదిది. అమ్మితే సంతకం అతనిది, అతను అమ్మనంటే మీరు అమ్మలేరు. మీ 14,000కి మీ దగ్గరున్నది బ్యాంకు స్టేట్‌మెంట్లు, వాట్సాప్ మెసేజిలు. కోర్టుకు వెళ్లొచ్చు, కానీ బావమరిది మీద కేసు వేసిన బావ ఆ తర్వాత అత్తారింట్లో ఏ ముఖం పెట్టుకుని భోంచేస్తాడు? కాబట్టి మాటతోనే తేల్చుకోవాలి.

ఆ మాటకు ముందు మీ గొడవ ఖరీదు ఎంతో చూద్దాం. 7,500 వస్తుందనుకోండి. పెట్టుబడి వంతున పంచితే మీకు దాదాపు 5,120, అతనికి 2,380. అతనన్నట్టు చెరి సగం పంచితే ఇద్దరికీ 3,750. తేడా సుమారు 1,370 డాలర్లు. ఉగాది నుంచి మీ ఇంట్లో మాటల్లేకుండా పోయింది ఇంతకే. 13,000 పోయిందన్న బాధలో మీరు దాన్ని బావమరిది ఖాతాలో రాస్తున్నారు, అతను తిన్నది కాదది. ఇంజన్ షాపు తీసుకుంది, విడిభాగాలవాళ్లు తీసుకున్నారు, కొంత ఆ రైతుకు ఎక్కువ ఇచ్చారు.

అతని పనికి విలువ లేదన్నట్టు మాట్లాడారు కదా, బయటి షాపు గంటకు ఎంత తీసుకుంటుందో మీ కొటేషన్‌లోనే చూడండి. బాడీ విప్పి, ఇంజన్ దించి, తుప్పు గీకిన ఆ శనివారాలకు గంటకు ఇంత అని కట్టినా 1,370 దాటేస్తుంది. అలాగని అతను పూర్తిగా కరెక్టని అనను. గ్యారేజీ మీది, అద్దె ఎవరూ లెక్కేయలేదు. వడగళ్లకు దెబ్బతిన్న కారు మీది. వంతు ప్రకారం పంచుకోవడం లెక్కకు న్యాయం, కానీ అతను మనసులో పెట్టుకుంటాడు. చెరి సగం అంటే మీకు డబ్బు తగ్గుతుంది, గొడవ అక్కడితో తెగుతుంది. మధ్యలో, మీకు 4,500 అతనికి 3,000 అని కూడా అనుకోవచ్చు. ఏది నచ్చితే అది చేయండి. మీ ఆవిడను మాత్రం మధ్యవర్తిగా కూర్చోబెట్టకండి, ఇప్పటికే ఆవిడ రెండు వైపులా మాట పడుతున్నారు.

అతని దగ్గరికి మీరే వెళ్లండి. మీరు పెద్దవారు, ఆ మాట అన్నదీ మీరే. ‘ఆ రోజు జీతం అన్నాను చూడూ, ఆ మాట అనాల్సింది కాదు’ అని మొదలుపెట్టి, బండి సంగతి వెంటనే ఎత్తకుండా కాసేపు ఆగండి. తర్వాత ఐదో అక్షరం గురించి చెప్పండి. అతనికి బళ్ల పిచ్చి ఉంది కదా, ‘మనిద్దరం మోసపోయాం’ అన్న మాట దగ్గర ఇద్దరూ ఒకవైపు అవుతారు. కొనేవాడితో బేరం అతన్నే ఆడనివ్వండి, దాని గురించి మీకంటే అతనికే ఎక్కువ తెలుసు.

అమ్మకం రోజు కొన్ని చూసుకోండి. ఎడమ వైపు ముందు ఫెండర్ కింద లోపలి రేకు మీద కొట్టి ఉన్న నంబరూ, తలుపు మీది ప్లేటూ, టైటిలూ మూడూ ఒకటేనా అని ఫెండర్ విప్పి ఉన్నప్పుడే చూసి ఫోటో తీయండి. తేడా ఉంటే అమ్మకం ఆపి ముందు దాని సంగతి తేల్చుకోండి. క్యాషియర్ చెక్కు ఇస్తానంటే కొనేవాళ్ల బ్యాంకులోనే కలవండి, చూస్తుండగా అక్కడే రాయించాలి. కొనేవాళ్లూ మీ బావమరిదీ కలిసి కౌంటీ ట్యాక్స్ ఆఫీసుకు వెళ్లి టైటిల్ మార్పించడం అన్నిటికంటే క్షేమం. కుదరకపోతే బండి అమ్మేసినట్టు టెక్సస్ డీఎంవీకి (వాహనాల రిజిస్ట్రేషన్ శాఖకు) నోటీసు మీ బావమరిదే పంపాలి, లేకపోతే రేపు ఆ బండి ఎక్కడ ఏం చేసినా కబురు అతని ఇంటికే వస్తుంది.

ఒకవేళ అతను అమ్మనే అమ్మను, నేనే పూర్తి చేసుకుంటానంటే కాదనకండి. అది మీకు అన్నిటికంటే సులువైన దారి కావచ్చు. టైటిల్ ఎలాగూ అతని పేరు మీదే ఉంది. మీకు రావాల్సింది 14,000 అని కాకుండా, 7,500లో మీ వంతు ఎంతో అదే అడగండి, కావాలంటే నెలకు ఇంత అని వాయిదాల్లో తీసుకోండి. ఒప్పుకున్నదంతా ఇద్దరికీ అర్థమయ్యేలా ఒక ఈమెయిల్‌లో రాసుకోండి. బండిని ఏ తారీఖులోగా మీ గ్యారేజీ నుంచి తీసుకెళ్లాలో కూడా అందులోనే ఉండాలి, ఆ తారీఖు మీ ఆవిడను అడిగి పెట్టండి.